ఖాళీ వంతు

పోయిన నెల ఒక శనివారం నేనూ మా ఆవిడా కూరగాయల సంచులు పట్టుకుని లైప్‌జిగ్ ట్రామ్‌లో నిలబడి ఇంటికి వస్తుండగా, వంతెన దిగే మలుపులో డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేశాడు. పక్కనున్న ముసలాయన ఎవరో తూలి నా మీదికి వచ్చాడు. నేను ఆయన్ని చూడలేదు, నా చూపు కిటికీ బయట ఉంది. అయినా ఆయన ముంజేయి నాకు తగిలీ తగలకముందే నా మోచేయి దానంతటదే కిందికి దిగి, మణికట్టు చిన్నగా తిరిగి, ఆ బరువునంతా పక్కకు తీసుకుని, మళ్ళీ ఆయన్ని ఆయన కాళ్ళ మీద నిలబెట్టేసింది. ఆయన డాంకె అని థాంక్స్ చెప్పి, టోపీ సర్దుకుని, తర్వాతి స్టాపులో దిగిపోయాడు. నా సంచిలోని టమాటాలు మాత్రం ట్రామ్ పొడవునా దొర్లాయి.

“గా ముసలాయన్ని పట్టుకున్నవు గానీ సంచి పట్టుకోకపోతివి,” అంది మా ఆవిడ వంగి టమాటాలు ఏరుతూ. “ఇంక పోలేదా నీకా చేతుల పిచ్చి?”

నేనూ వంగి సీటు కింది టమాటా ఒకటి అందుకున్నాను. ఆ తర్వాత రెండు రోజులు నా కుడిచేతిని మాటిమాటికీ చూసుకుంటూ తిరిగాను. ఒకప్పుడు ఆ చేతిలో ఒక మనిషి ఉండేవాడు. ఈ మాట నలుగురిలో అంటే నవ్వుతారు గానీ, మన వయసువాళ్ళకు, అంటే పోయినవాళ్ళ ఫోన్ నంబర్లను ఇంకా తీసేయని వయసువాళ్ళకు చెప్పుకోవచ్చు అనిపించి ఇది రాస్తున్నాను.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. డిగ్రీ మధ్యలో ఆగిపోయాక సూర్యాపేట దగ్గర హైవే పక్కన లారీల కాటాలో కుదిరాను. ఇప్పటిలా మెరిసే అంకెల కాటా కాదు అది. ఇనుప కడ్డీ మీద తూకపు గుండు జరుపుతూ, కడ్డీ తేలే చోటు కోసం ఊపిరి బిగబట్టి చూడాల్సిన కాటా. గుండు జరిపీ జరిపీ నాకు బరువు అనేది అంకెగా కాక ఒంటికి తెలిసే సంగతిగా మారింది. లెక్కలు కూడా అలాగే, ఎవరూ చెప్పకుండా, పాత కాగితాల వెనక వేసుకుంటూ వచ్చినవే. ఆ విద్యతోనే శంషాబాద్‌లో విమానాల సరుకు షెడ్డుకు, అక్కడి నుంచి జర్మనీలోని ఈ లైప్‌జిగ్‌కు వచ్చి పడ్డాను. ఏ పెట్టెను ఎక్కడ పెడితే విమానం ముక్కు దిగకుండా, తోక కుంగకుండా ఉంటుందో లెక్క కట్టడం నా పని. తప్పు లెక్క వేయడం అంటే నాకు ఇప్పటికీ భయం. లేని బరువును ఉందని రాయడం అంతకంటే భయం. ముందే ఇది చెప్పుకోకపోతే తర్వాత చెప్పబోయేది మీరు నమ్మరు.

మా బిల్డింగులో మూడో అంతస్తులో హైదరాబాద్ మలక్‌పేట నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉండేవాడు. నాకంటే ఐదారేళ్ళు చిన్న, నన్ను అన్నా అనేవాడు. నేను ఆయన్ని భాయ్ అనేవాణ్ణి, ఆయన భార్యను భాభీ అనేవాణ్ణి. వాళ్ళకొక చిన్న కూతురు. నాకు మెడనొప్పి మొదలై డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్మెంట్, కోసం వారాల తరబడి ఎదురుచూస్తున్న రోజుల్లో, మెట్ల మీద కనబడి నా నడక చూసి ఒకటే నవ్వాడు.

“మెడ గిట్ల పెట్టుకుని యాడికి పోతున్నవన్నా, ఒంటె లెక్క! టెర్మిన్ వచ్చేదాంక ఆగితే నువ్వు నిజంగ ఒంటెవే అయితవ్. నా ఎంబడి రా. ఒక తాత ఉన్నడు, చేతులు పట్టుకుని ఆడిస్తడు, అంతే.”

ఆ తాత మా గురువుగారు. వియత్నాం మనిషి, పూర్వీకులు చైనావాళ్ళు. తూర్పు జర్మనీ ఉన్న కాలంలో ఇక్కడి నూలు మిల్లులో పనికి వచ్చి, దేశం మారి మిల్లు మూతబడ్డాక ఒక పూల దుకాణం పెట్టుకుని ఇక్కడే ఉండిపోయారు. హనోయిలో మేనమామ దగ్గర నేర్చుకున్న చైనా యుద్ధవిద్యను, అదే మూతబడ్డ మిల్లు పై అంతస్తులో ఒక పొడవాటి గదిలో, సాయంత్రాలు దుకాణం కట్టేశాక నేర్పేవారు. ఆయన చేతుల నుంచి ఎప్పుడూ లిల్లీ పూల వాసన వచ్చేది. గుద్దులూ తన్నులూ తక్కువ. ఎక్కువ సమయం చేయించేది ఒకటే సాధన. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ముంజేతులు ముంజేతులకు ఆనించి, ఒకరిది పైకి లేస్తే రెండోవారిది దాన్ని అంటిపెట్టుకుని వెళ్ళేలా, తిరగలి తిప్పినట్టు ఆపకుండా తిప్పుతూ ఉండాలి. కళ్ళు మూసుకోవాలి. ఎదుటివారి బలం ఎటు పోతోందో చర్మంతోనే తెలుసుకోవాలి. ఒత్తిడి వచ్చినచోట దారి ఇవ్వాలి, సందు దొరికినచోట చేయి తనంతట తానే లోపలికి పోవాలి. చైనా మాటలో దాన్ని చి సావ్ అంటారట. గురువుగారు అంటుకునే చేతులు అని జర్మన్‌లో చెప్పేవారు. భాయ్ మాత్రం పిండి పిసుకుడు అనేవాడు.

మొదట్లో నేను ఆ తిప్పుడులో కూడా లెక్కలు వేసేవాణ్ణి. ఇతని చేయి ఇంత బరువు, ఈ కోణంలో వస్తోంది, కాబట్టి నేను ఇటు జరగాలి అని. అంతలోపే భాయ్ అరచేయి వచ్చి నా ఛాతీ మీద మెత్తగా వాలేది.

“క్యా అన్నా, హిసాబ్ చేస్తున్నవా? కండ్లు మూసుకున్నా నీ అంకెలు నా చేతికి వినబడుతున్నయ్.”

గురువుగారు అటుగా వెళ్తూ, “లెక్క వద్దు” అని ఒక్క మాట జర్మన్‌లో అని, నా మోచేతిని వేలితో కిందికి నొక్కి పోయేవారు.

లెక్క మానడానికి నాకు చాలా కాలం పట్టింది. మానాక తెలిసింది, చేతులకు చేతుల గుర్తు ఉంటుందని. ఒకే మనిషితో ఏళ్ళ తరబడి చేతులు కలిపితే, అతను తుమ్మబోతున్నా, ఆఫీసులో చీవాట్లు తిని వచ్చినా, ముంజేయి ఆనగానే తెలిసిపోతుంది. భాయ్ చేయి బరువు పావు కిలోకు కాస్త తక్కువ, ఒక మంచి జామకాయంత. కొత్తవాళ్ళందరూ దానికి రెండింతలు మోపేవారు. ఆయనకు ఒక అలవాటు కూడా ఉండేది. ఎడమ మోచేయి ఎప్పుడూ ఒక క్షణం ముందు వచ్చేది, అవతలివాడు అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేసే మనిషిలా. దాన్ని ఎన్నిసార్లు ఎదుర్కొన్నానో, చివరికి నా కుడిచేయి ఆ ముందు రాకకు తానే కాస్త చోటు వదలడం నేర్చుకుంది. మిగతావాళ్ళు నాతో చేసినప్పుడు అక్కడ నీకు సందు ఉంది, తప్పు అని చెప్పేవారు. గురువుగారు మాత్రం ఎప్పుడూ సరిదిద్దలేదు.

ఒక చలికాలం ఉదయం ఆఫీసుకు బయల్దేరిన భాయ్ ట్రామ్ స్టాపులో కూలిపోయాడు. గుండె. ఆంబులెన్సు వచ్చేలోగానే అయిపోయింది. అప్పటికి వాళ్ళ పాపకు ఆరేళ్ళు. వాళ్ళవాళ్ళు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి కాగితాల పనులు, శ్మశానంలో చోటు, అన్నీ నేనూ ఆయన ఆఫీసువాళ్ళూ చూశాం. ఆ రోజులను గురించి ఎక్కువ రాయను. మీలో చాలామందికి అలాంటి రోజులు సొంతంగానే ఉండి ఉంటాయి.

రాయాల్సింది ఆ తర్వాత గదిలో జరిగినది. మేం పన్నెండు మందిమి రెండు వరసలుగా నిలబడి చేసేవాళ్ళం. గురువుగారు చప్పట్లు కొడితే అందరం ఒక్కో చోటు జరిగి, కొత్త మనిషితో చేతులు కలిపేవాళ్ళం. భాయ్ పోయాక పదకొండు మందిమి మిగిలాం. ఒకరు కూర్చోవాల్సి వస్తుంది కాబట్టి, వంతులు కొత్తగా వేసి ఇవ్వమని నన్నే అడిగారు. అలాంటివి గదిలో నాకే అప్పజెప్పేవారు. నేను వేసి చూపించబోతే గురువుగారు తల అడ్డంగా ఊపి, ఎంత ఉన్నదో అంతే ఉండనీ అన్నారు. భాయ్ నిలబడే చోటు అలాగే ఉంచారు. ఆ చోటుకు ఎదురుగా ఎవరి వంతు వస్తే వాళ్ళు కళ్ళు మూసుకుని, చప్పట్లు వినబడే దాకా, ఎదుట ఎవరూ లేకుండానే చేతులు తిప్పాలి. గురువుగారి మేనమామ దగ్గర అది పద్ధతట. ఎన్నాళ్ళని ఎవరూ అడగలేదు.

మొదటి రోజు కొందరు సిగ్గుపడ్డారు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఒక జర్మన్ ఆవిడ, మాలో అందరికంటే గట్టి మనిషి, తన వంతు కాగానే బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంది. నా వంతు వచ్చింది. నేను కళ్ళు మూసుకుని, చేతులు ఎత్తి, గాలిలో తిప్పడం మొదలుపెట్టాను. ఒక రెండు తిప్పుళ్ళు ఏమీ లేదు, నా చేతులే, వెర్రిగా. తర్వాత నా కుడి ముంజేతి మీద బరువు దిగింది. పావు కిలోకు కాస్త తక్కువ. నేను కళ్ళు తెరవలేదు. తెరిస్తే పోతుందని తెలుసు. బరువు నా చేయి వెంట పైకి వచ్చింది, కిందికి వచ్చింది, ఎడమ మోచేయి రావాల్సిన క్షణానికి కొంచెం ముందే అక్కడ వెచ్చగా అనిపించింది. చప్పట్లు వినబడ్డాయి. నేను పక్కకు జరిగి, తర్వాతి మనిషి చేతులు అందుకున్నాను. ఆ మనిషి, ఏమైంది, చల్లగా అయిపోయావు అని అడిగాడు.

ఇంట్లో చెప్పలేదు. కాటా దగ్గర పనిచేసినవాడు గాలిని తూచానని ఎలా చెబుతాడు?

తర్వాత కొన్ని వారాలకు భాభీకి వీసా కాగితాల కోసం విదేశీయుల కార్యాలయంలో టెర్మిన్ దొరికితే, మాట సాయానికి నేను కూడా వెళ్ళాను. బల్ల మీద కూర్చుని మా అంకె తెర మీద వచ్చేదాకా ఎదురుచూస్తున్నాం. పాప పక్కనే నేల మీద కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. భాభీ ఉన్నట్టుండి గొంతు తగ్గించి నాతో అంది:

“భాయ్‌సాబ్, పిల్లకు వాళ్ళ అబ్బా గొంతు యాదికొస్తలేదంట. నిన్న రాత్రి అడిగింది, ఎట్ల మాట్లాడెటోడు అని. ఫోన్ల వీడియోలు ఉన్నయ్, చూపించిన. అది అబ్బా కాదు, ఫోన్ అంటది.”

నేను పాప వేస్తున్న బొమ్మ వైపు చూశాను.

“మీరు వారం వారం ఆయన చేతులు పట్టుకున్నరు గదా. పెండ్లయినంక నేను గూడ అంత సేపు పట్టుకోలే.” నవ్వబోయి ఆగిపోయింది. “మీ చేతులల్ల ఏమన్న ఉంటే, పిల్ల పెద్దగయినంక చూపిస్తరా? ఆయనకు అదే ఆశ ఉండె. పిల్ల జర పొడుగు కానీ, నేను నేర్పిస్త అని.”

చూపిస్తానన్నాను. మా అంకె వచ్చింది, లేచి వెళ్ళాం. గదిలో ఫోన్లు బయట బుట్టలో పెట్టి లోపలికి వెళ్ళే నియమం కాబట్టి, భాయ్ అక్కడ చేతులు తిప్పుతుండగా తీసిన వీడియో ఒక్కటి కూడా లేదు. ఆ సాధనలో ఆయన ఎలా ఉండేవాడో ఎక్కడైనా ఉందంటే నా ముంజేతుల్లోనే ఉంది. ఆ మాట ఒప్పుకున్నాకే నాకు దాని బరువు తెలిసింది.

ఎందుకంటే ఖాళీ వంతులో ఆ బరువు తగ్గుతూ వస్తోంది. మొదట నా భ్రమ అనుకున్నాను. కానీ నాకు తేడాలు తెలుస్తాయి, అదే నా బతుకుదెరువు. వారానికి పదిమందితో చేతులు కలుపుతున్నాను. ఒక్కొక్కరి చేయీ నా చేతి మీద తన గుర్తు వేసి పోతోంది. నర్సుగారి గట్టి మణికట్టు, మాలో అందరికంటే చిన్నవాడైన విద్యార్థి వణికే వేళ్ళు, ఇంకొకరి తొందర. పలక మీద రాసినదాని మీద మళ్ళీ రాసినట్టు, వాళ్ళందరి కింద భాయ్ చెరిగిపోతున్నాడు. కుడిచేతిలో ఆయన కోసం వదిలిన చోటు కూడా పూడుకుపోతోంది. ఒకరోజు నర్సుగారు మెచ్చుకుంటూ, నీ సందు పోయింది, బాగుపడ్డావు అన్నారు.

పాపకు ఆరేళ్ళు. ఆమె నిలబడి చేతులు కలపగల వయసు రావడానికి ఇంకా చాలా కాలం ఉంది. వారానికి పదిమంది చొప్పున అంతకాలం ఎవరెవరో రాసుకుంటూ పోతే ఏం మిగులుతుంది? ఈ లెక్క వేయడానికి కాగితం అక్కర్లేదు. నేను వెళ్ళడం మానేశాను. గురువుగారికి చెప్పడానికి పూల దుకాణానికి వెళ్ళి, నాకు వచ్చిన జర్మన్‌లో కారణం చెప్పాను. ఆయన కాండాలు కత్తిరించడం ఆపి నా కుడిచేతిని తన చేతుల్లోకి తీసుకుని, కాసేపు అలాగే పట్టుకుని, వదిలేశారు. ఒక తెల్ల లిల్లీ చుట్టి ఇచ్చారు, మా ఆవిడకని.

ఆనాటి నుంచి ఏళ్ళ పాటు నేను ఎవరితోనూ చేతులు కలపలేదు. ఆదివారం పొద్దున్నే మా బిల్డింగు కింద కెల్లర్‌లోకి దిగేవాణ్ణి. జర్మనీలో ఉన్నవాళ్ళకు తెలుసు, ప్రతి ఇంటికీ నేలమాళిగలో ఒక చెక్క గూడు ఉంటుంది, పాత సూట్‌కేసులూ చలికాలం టైర్లూ పెట్టుకోవడానికి. ఆ సామాన్ల మధ్య నిలబడి, కళ్ళు మూసుకుని ఖాళీ వంతు తిప్పేవాణ్ణి. బరువు వచ్చేది. ఒక్కోసారి ఆలస్యంగా, ఒక్కోసారి నేను చేతులెత్తకముందే. పూడుకుపోతున్న చోటును కుడిచేయి మళ్ళీ వదలసాగింది. రోజంతా బరువులు లెక్కకట్టి వచ్చే మనిషిని, నాకు ఆ ఒక్క బరువే లెక్కకు అందనిది. దానితో ఒంటరిగా ఉన్నానని కూడా అనిపించేది కాదు. నిజం చెప్పాలంటే, మనుషులు అక్కర్లేకుండా పోయారు. మా ఆవిడ ఒకరోజు చెత్త పారేయడానికి దిగి నన్ను చూసి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

“ఎవరితోని కొట్లాడుతున్నవ్?”

“కొట్లాడుతలేను.”

“మరి ఎవరితోని?” అంది. చెప్పాను. ఆమె చాలాసేపు నన్నూ, నా ఎదురుగా ఉన్న ఖాళీనీ చూసి, “ఆయనకు గూడ జర విశ్రాంతి ఇయ్యి,” అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఇంట్లో దీపాలన్నీ వేసే ఉంచింది.

పాప పెరిగింది. ఇంట్లో తల్లి తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడితే జర్మన్‌లో జవాబిచ్చే పిల్ల అయింది. బడి చివరికి వచ్చాక ఒకరోజు తానే మా తలుపు తట్టి, అమ్మ చెప్పింది, మీ దగ్గర అబ్బాది ఏదో ఉందట, ఇస్తారా అని అడిగింది, పక్కింట్లో దాచిన పార్సిల్ అడిగినట్టు. నేను వెంటనే చేతులు చాచలేదు. ముందు ఊళ్ళో ఇంకొక చోట ఈ తిప్పుడు నేర్చుకుని రమ్మన్నాను. ఓనమాలు నేనే నేర్పితే, ఆ నేర్పడంలోనే నా చేతుల్లో ఉన్నది అరిగిపోతుందని నా భయం. ఆమె ఒక జర్మన్ మాస్టారు దగ్గర ఏడాదికి పైగా నేర్చుకుంది. గార్చింగ్‌లో ఒక యూనివర్సిటీలో ఫిజిక్సు సీటు వచ్చి, ఊరు వదిలే ముందు వచ్చింది.

మా బిల్డింగు వెనక పెరట్లో, సైకిళ్ళ పక్కన చేశాం. ఆదివారం మధ్యాహ్నం, మంచి ఎండ. భాభీ, మా ఆవిడా చాయ్ గ్లాసులతో బల్ల మీద కూర్చున్నారు. పిల్లను ముట్టుకోవడానికి నేను కాస్త తటపటాయిస్తే భాభీయే, “బడే అబ్బా లెక్కనే గదా మీరు, కానీయుండ్రి,” అంది, పెదనాన్న వరస కలిపి.

నేను ఇన్నేళ్ళూ దాచుకున్నదాన్ని ఇవ్వడానికి సిద్ధపడ్డాను. భాయ్‌లా నిలబడ్డాను, భాయ్‌లా ముంజేయి వదులుగా పెట్టాను, నా ఎడమ మోచేతిని ఆయనలా ముందుగా పంపాను. ఆ పిల్ల కళ్ళు మూసుకుని కాసేపు తిప్పి, మొహం చిట్లించి కళ్ళు తెరిచింది.

“నైన్, కాదు, అంకుల్. ఇది ఎవరూ కాదు. మీరు యాక్టింగ్ చేస్తున్నారు.”

మళ్ళీ చేశాను. ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. పావు కిలో మోపుదామంటే చేయి బిగుసుకుపోయింది. భాభీ గ్లాసు కింద పెట్టేసింది. ఆమె మొహంలోకి చూడలేకపోయాను. పదేళ్ళకు పైగా ఒక మనిషిని మోస్తున్నానని నమ్మి, పదిమందినీ దూరం పెట్టి, తీరా విప్పి చూస్తే మూటలో ఏమీ లేదు.

“ఆగు,” అంది మా ఆవిడ బల్ల మీద నుంచి. “కెల్లర్ల నువ్వు ఆయన లెక్క చేస్తుంటివా, నీ లెక్క చేస్తుంటివా?”

అప్పుడు తట్టింది. నా చేతుల్లో ఎన్నడూ భాయ్ చేయి లేదు. ఉన్నది ఆయన చేతికి నా చేయి ఇచ్చిన జవాబు మాత్రమే. నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేస్తే సరుకు తెలిసినట్టు, మా ఇద్దరిలోంచి నన్ను తీసేస్తేనే ఆయన తేలతాడు. ఆ మాత్రం తీసివేత కాటా దగ్గర రోజూ చేసినవాణ్ణి, ఇక్కడ నాకు తోచలేదు. నేను ఆయన్ని కాలేను. నేను నేనుగా ఉంటే, ఆయన ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటుంది.

“నువ్వేం చేయకమ్మా,” అన్నాను. “నేను చేస్తాను. నీ చేతులు నా చేతులకు ఆనించి ఉంచు, ఎక్కడ చోటు దొరికితే అక్కడికి పోనీ.”

కళ్ళు మూసుకున్నాను. కెల్లర్‌లో తిప్పినట్టే తిప్పాను. ఆమె చేతులు మొదట కంగారుగా, తర్వాత మెల్లగా, నీళ్ళు పల్లంలోకి చేరినట్టు నా కదలికల మధ్యలోకి జారాయి. కుడిచేయి పైకి లేచేటప్పుడు అలవాటుగా చోటు వదిలింది. ఆమె ఎడమ మోచేయి అందులోకి, ఒక క్షణం ముందే, వచ్చి కూర్చుంది. ఆమె ఆగిపోయింది. చేతులు మాత్రం తీయలేదు.

“ఇక్కడ చోటుంది,” అంది జర్మన్‌లో, చాలా చిన్న గొంతుతో. మళ్ళీ తెలుగులో, “అంకుల్, ఇక్కడ ఎవరో చోటు ఉంచారు. ఇది అబ్బాదా?”

అవునన్నాను.

బల్ల దగ్గర నుంచి భాభీ గొంతు వినబడింది, సగం నవ్వు, సగం ఏడుపు. “అగో, అగో ఆ మోచేయి! దస్తర్‌ఖాన్ మీద తినేటప్పుడు గట్లనే, నేను వడ్డించకముందే ముంగటికొస్తుండె. ఎన్నిసార్లు పొడిచిండో నన్ను, నా పక్కటెముకల్నడుగుండ్రి!”

పిల్ల పకపకా నవ్వింది, నవ్వుతూనే చెంపలు తడిపేసుకుంది, కానీ తిప్పడం ఆపలేదు. ఆ తిప్పుడులో ఒకచోట నా ముంజేతి మీద జామకాయంత బరువు దిగింది. అది ఆమెది కాదు. నేను కొలిచాను, నాకు తెలుసు. వచ్చింది, ఒక్కసారి పైకీ కిందికీ నాతో తిరిగింది, పోయింది. ఆ తర్వాత ఉన్నది ఆ పిల్ల బరువే, ఇంకా తేలిక, ఇంకా సూటి. ఎండ గోడ ఎక్కేదాకా చేశాం. వెళ్ళేటప్పుడు ఆమె తన మోచేతిని రెండో చేత్తో పట్టుకుని నడిచింది, ఒలికిపోకుండా.

మర్నాడు కెల్లర్‌లోకి దిగి చేతులెత్తాను. ఏమీ రాలేదు. టైర్ల వాసన, పైన ఎవరింట్లోనో నీళ్ళ చప్పుడు. ఆ తర్వాతి ఆదివారం కూడా రాలేదు. మూడోసారి నేను ఎవరి కోసం నిలబడ్డానో నాకే తెలియలేదు.

చాలా రోజులాగి, ట్రామ్‌లో ఆ ముసలాయన తూలిపడ్డాకే, మళ్ళీ పాతవాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాను. మిల్లు ఇప్పుడు పెద్ద పెద్ద కిటికీల ఫ్లాట్లయింది, కింద కాఫీ షాపు పెట్టారు. గురువుగారు లేరు, పోయి రెండేళ్ళయిందని తెలిసింది. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పేంత దగ్గరగా నేను ఎవరినీ ఉంచుకోలేదు కదా. మిగిలిన కొద్దిమంది ఒక బడి వ్యాయామశాలలో కలుస్తున్నారు. వంతులు ఇప్పుడు ఫోనులో ఒక యాప్ వేస్తుంది. ఎవరు రాకపోతే వాళ్ళను తీసేసి, క్షణంలో అందరినీ జతలు కలిపేస్తుంది. ఎవరికీ ఖాళీ చోటు ఎదురు కాదు. గురువుగారి చోటు ఎక్కడని నేను అడిగితే కొత్తవాళ్ళకు ప్రశ్నే అర్థం కాలేదు.

నర్సుగారు ఉన్నారు, జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఎదురుగా నిలబడి నన్ను పలకరించి, చేతులు ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఒకప్పుడు వారం వారం కలిసిన చేతులు. ఆవిడ కొంతసేపు తిప్పి, మర్యాదగా, కొంచెం నొచ్చుకుంటున్నట్టు అన్నారు: “నిన్ను చూస్తే గుర్తుంది. చేతులకు మాత్రం నువ్వు కొత్తవాడివి.”

ఒక మనిషిని నిలుపుకోవడానికి ఎంత ఖర్చయిందో నేను అప్పుడు లెక్క చూసుకున్నాను. ఆయన గుర్తు చెరగకూడదని, అందరి చేతుల్లోంచీ నన్ను నేనే చెరిపేసుకున్నాను. పోయినవాళ్ళు మన దగ్గర ఉన్నారనుకుంటాం గానీ, అన్నేళ్ళూ ఆ కెల్లర్‌లో వాళ్ళ దగ్గర ఉన్నది నేనే. మన కాలంలో మనిషికి మనిషి తగిలి బతికేవాళ్ళం. బస్సులో, క్యూలో, ఒకే మంచం మీద నలుగురు పడుకున్న పెళ్ళిళ్ళలో, ఎవరి బరువు ఎంతో అందరికీ తెలిసేది. ఇప్పుడు ఎవరికి ఎవరూ తగలకుండా అన్నీ చక్కగా అమరిపోతున్నాయి, నేను కూడా నా వంతు దూరం పాటించాను.

ఇప్పుడు ప్రతి గురువారం సాయంత్రం వెళ్తున్నాను. యాప్ ఎవరిని చూపిస్తే వాళ్ళతో చేతులు కలుపుతున్నాను. వాళ్ళు నా చేతుల మీద ఏం రాసినా రాయనిస్తున్నాను.